మైక్రోటిక్ హెక్స్: మూడున్నరేళ్ళు మా ఆఫీసు నెట్ అప్పజెప్పాక

ముందే చెప్పేస్తున్నా, నేను నెట్‌వర్క్ ఇంజనీర్ని కాను. గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయికి టాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు ఉంది. అందులో నేను జీఎస్టీ రిటర్నులు వేస్తాను, లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ చూస్తాను, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే లాగుతాను. వీడికి కంప్యూటర్లు తెలుసు అని ఒకసారి ముద్ర పడిందంటే ఇక ఫ్యాను తిరక్కపోయినా మనల్నే పిలుస్తారు కదా, నెట్ పని కూడా అలాగే నా నెత్తిన పడింది. కాబట్టి మైక్రోటిక్ హెక్స్ అనే రూటర్ మీద, అంటే ఆఫీసు సిస్టమ్స్‌కు నెట్ పంచుతూ ఎవరు ఏం తెరవాలో అదుపు చేసే పెట్టె మీద, ఇది తెలిసినవాడు రాసే సమీక్ష కాదు, ఎదురుదెబ్బలు తిన్నవాడు రాసేది.

మాకు తొమ్మిది సిస్టమ్స్, ఒక ప్రింటర్, సీసీ కెమెరాల డీవీఆర్, ఒక వైఫై పెట్టె, 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైను ఉన్నాయి. మామూలు రోజుల్లో ఇది ఎక్కువే. కానీ మా పని తీరు వేరు, నెలలో ఇరవై రోజులు నిమ్మకు నీరెత్తినట్టు ఉండి, 11న జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను, 20న 3బీ అనే పన్ను కట్టే రిటర్ను గడువు అనేసరికి అందరూ ఒకేసారి పోర్టల్ మీద పడతాం. అప్పుడు తెల్ల పేజీ మీద గుండ్రం తిరుగుతూ ఉంటే బాబాయి కేబిన్‌లోంచి "ఎవడ్రా యూట్యూబ్ చూస్తుంది?" అని కేకేసేవాడు. ఎవరూ చూడటం లేదని అందరం అనేవాళ్ళం. ఎవరో ఒకరు చూస్తూనే ఉండేవారు. కొన్నిసార్లు అది నేనే.

ఈ రూటర్‌కు ముందు, అనవసర సైట్లు ఆపడానికి చేసిన ప్రయోగాలు త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే మీలో చాలామంది ఇప్పుడు అక్కడే ఉండి ఉంటారు. మొదటిది విండోస్‌లో ఉండే హోస్ట్స్ ఫైలు. వద్దనుకున్న సైట్ల పేర్లు రాసి ఎదురుగా 127.0.0.1, అంటే ఆ సిస్టమ్ సొంత అడ్రసే పెట్టడం. తొమ్మిది సిస్టమ్స్‌లో విడివిడిగా చెయ్యాలి, ఒక సైటుకు ఎన్ని ఉపపేర్లు ఉంటే అన్నీ రాయాలి, పైగా కొత్తగా చేరిన కుర్రాడు రెండో రోజే నోట్‌ప్యాడ్ తెరిచి నా లైన్లన్నీ చెరిపేశాడు. అడిగితే "అన్నా, వైరస్ ఏమో అనుకున్నా" అన్నాడు. రెండోది ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో దొంగ ప్రాక్సీ, అంటే నెట్‌కు వెళ్ళే దారిలో లేని మధ్యవర్తి అడ్రస్ పెట్టి, కావాల్సిన సైట్లను మాత్రం మినహాయింపుల్లో రాయడం. ఇది కొన్నాళ్ళు పనిచేసింది. తర్వాత తెలిసింది, ఫైర్‌ఫాక్స్‌కు సొంత ప్రాక్సీ సెట్టింగు ఉంటుందని, మన సెట్టింగును పక్కన పెట్టమని దానికి చెప్పొచ్చని. ఆ కుర్రాడు పెన్ డ్రైవ్‌లో ఫైర్‌ఫాక్స్ తెచ్చుకున్నాడు. మూడోది నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన పెట్టెలోని పేరెంటల్ కంట్రోల్. కంపెనీ పేరు చెప్పను కానీ, అది హెచ్‌టీటీపీ, అంటే ఎన్‌క్రిప్షన్ లేని పాతరకం సైట్లను మాత్రమే ఆపేది, ఇప్పుడు అలాంటి సైటు వెతుక్కోవాలి.

నాలుగోది ఓపెన్‌డీఎన్ఎస్. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ (నంబరు) చెప్పే సేవ. ఇది నిజంగా మంచిదే, ఖాతా తెరిచి ఏ రకం సైట్లు వద్దో టిక్కులు పెడితే చాలు. ఇక్కడ మనవాళ్ళకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మన నెట్‌వర్క్ ఏదో దానికి పబ్లిక్ ఐపీని, అంటే బయటి నెట్‌కు కనపడే మన నంబరును బట్టే తెలుస్తుంది, మా లైనేమో సీజీనాట్ వెనక ఉంది, అంటే ఎంతమంది కనెక్షన్లకో కలిపి ఒకటే పబ్లిక్ ఐపీ. మీ రూటర్‌లో వాన్ అడ్రస్, అంటే బయటి లైను వైపు అడ్రస్, 100.64 నుంచి 100.127 మధ్య ఏదో ఒకదానితో మొదలైతే మీదీ అంతే. అలాంటప్పుడు నా టిక్కులు ఎవరికి వర్తిస్తాయో దేవుడికే తెలియాలి. ఖాతా అక్కర్లేని ఫ్యామిలీషీల్డ్ అడ్రసులు, అంటే 208.67.222.123, 208.67.220.123, ఎవరికైనా పనిచేస్తాయి, కానీ అవి ఆపేది బూతు సైట్లను, మా సమస్య అది కాదు.

అప్పుడు 2022లో ఈ హెక్స్ కొన్నాను. మైక్రోటిక్ అనేది లాత్వియా దేశపు కంపెనీ, 1996 నుంచి ఉంది. నేను కొన్న మోడల్ ఆర్‌బీ750జీఆర్3. అరచేతిలో పట్టే తెల్లటి పెట్టె, ఐదు గిగాబిట్ పోర్టులు, 256 ఎంబీ ర్యామ్, వైఫై లేదు. నాకు ఐదు వేల చిల్లర పడింది. అదే పని చేసే ఫైర్‌వాల్ పెట్టెకు, అంటే నెట్ రాకపోకలకు కాపలా కాసే పెట్టెకు, ఒకాయన మాకు ఇచ్చిన కొటేషన్ చూసి బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు, అందులో ఏటా కట్టాల్సిన లైసెన్సు వేరే. దీనికి అలాంటిది లేదు. కొన్నప్పుడే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ రూటర్ఓఎస్ లైసెన్సు వచ్చేస్తుంది, అప్‌డేట్లు ఉచితం.

కానీ పెట్టె విప్పి కరెంటు పెట్టగానే పని అయిపోతుందనుకుంటే కొనకండి. విన్‌బాక్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో లోపలికి వెళ్తే ఎడమ పక్కన పైనుంచి కింద దాకా మెనూలు, ఒక్కో మెనూలో పది ట్యాబులు, ఒక్కో ట్యాబులో నాకు అర్థంకాని ఇరవై గడులు. మొదటి వారం రోజూ ఆఫీసు మూసేశాక ఎనిమిదింటి దాకా కూర్చున్నాను. మూడో రోజు ఒక డ్రాప్ రూల్, అంటే ఫలానా కనెక్షన్ ఆపెయ్యమనే రూల్, రాసి ఎంటర్ కొట్టగానే విన్‌బాక్స్ మూసుకుపోయింది, మళ్ళీ ఐపీతో లోపలికి రానివ్వలేదు. నన్ను నేనే బయటపెట్టి గడియ వేసుకున్నాను. రీసెట్ బటన్ పట్టుకుని మొదటికి రావాల్సి వచ్చింది. విన్‌బాక్స్ పైనే సేఫ్ మోడ్ అని ఒక బటన్ ఉందని, అది నొక్కి పని మొదలుపెడితే కనెక్షన్ తెగిన పక్షంలో చేసిన మార్పులన్నీ తనే వెనక్కి తీసేసుకుంటుందని తర్వాత తెలిసింది. ఆ బటన్ నొక్కకుండా ఇప్పుడు నేను ఏదీ ముట్టుకోను. ఐపీ పోయినా మ్యాక్ అడ్రస్‌తో, అంటే పరికరానికి తయారీలోనే ఇచ్చే నంబరుతో, విన్‌బాక్స్ లోపలికి వెళ్ళగలదని కూడా ఆ తర్వాతే తెలిసింది. అదేదో ముందే తెలిస్తే రీసెట్ తప్పేది.

ఏర్పాటు ఇలా చేశాను. డీహెచ్‌సీపీ లీజుల్లో, అంటే రూటర్ ఏ సిస్టమ్‌కు ఏ ఐపీ ఇచ్చిందో రాసుకునే చోట, ఒక్కో సిస్టమ్‌ను పట్టుకుని మేక్ స్టాటిక్ కొట్టి, ఎవరి ఐపీ వాళ్ళకు ఖాయం చేశాను, పక్కన కామెంటులో కుర్చీ పేరు రాశాను: కిటికీ పక్కది, బీరువా పక్కది, బాబాయి. ఆ ఐపీలను రెండు అడ్రస్ లిస్టులుగా విడదీశాను. బాబాయి, నేను, కంపెనీల పని చూసే మేడం పూర్తి లిస్టు. మిగతా ఆరూ పని లిస్టు. పూర్తి లిస్టుకు అన్నీ తెరిచి, పని లిస్టుకు మొదట అన్నీ మూసేసి, కావాల్సినవి మాత్రం తెరిచాను: జీఎస్టీ, ఈ-వే బిల్లు, ఇన్‌కం టాక్స్, టీడీఎస్ పని చేసే ట్రేసెస్, జీమెయిల్, నాలుగు బ్యాంకులు. అడ్రస్ లిస్టులో సైటు పేరు రాస్తే దాని ఐపీలు తనే తెచ్చి పెట్టుకుంటుంది. చాలా ముచ్చటేసింది. ఇక మనకు తిరుగులేదు అనుకున్నాను.

ఆ ముచ్చట 20వ తేదీ దాకా ఉంది.

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే పాత క్లయింటు ఒకాయన, నెల నెలా గడువు చివరి రోజు సాయంత్రమే వస్తాడు, అది ఆయన పద్ధతి. ఎదురుగా కూర్చుని, చేతిసంచీలోంచి బిల్లులు తీసి టేబుల్ మీద పరిచి, టీ తాగుతున్నాడు. చొక్కా నుంచి ఎండుమిర్చి ఘాటు, మా పక్క సీటు అమ్మాయికి తుమ్ములు. 3బీ నింపాం, చలానా తయారైంది, నెట్ బ్యాంకింగ్ నొక్కాం, తెల్ల పేజీ. మళ్ళీ నొక్కాం, మళ్ళీ తెల్ల పేజీ. పోర్టల్ బిజీ అనుకుని పది నిమిషాలు ఆగాం. ఆయన గడియారం చూసుకుని అడిగాడు.

"ఏం బాబూ, నెట్ లేదా?"

"ఉందండీ."

"మరేంటి?"

"నేనే మూశానండీ."

ఆయనకు అర్థం కాలేదు, అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకూ లేదు. జరిగిందేమిటంటే బ్యాంకు మామూలు సైటు ఒక పేరు మీద ఉంటుంది, డబ్బు కట్టే పేజీ ఇంకో పేరు మీద ఉంటుంది, ఆ రెండోది నా లిస్టులో లేదు. అలాగే క్యాప్చా బొమ్మ ఒకచోట నుంచి వస్తుంది, పేజీ అక్షరాలు ఇంకోచోట నుంచి వస్తాయి, ఒక సైటు అని మనం అనుకునేది నిజానికి పది సైట్ల కుప్ప. 3బీ ఒక్కరోజు ఆలస్యమైతే 50 రూపాయలు లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ, డబ్బు సంగతి అలా ఉంచి ఆయన ముందు పరువు. ఆయన లాగిన్‌ను నా సిస్టమ్‌లో తెరిచి కట్టేశాం, రాత్రి 7:40కి. మర్నాడు పని లిస్టు తీరు మొత్తం మార్చేశాను.

ఈ సమీక్షలో మీకు ఒక్క ముక్కే గుర్తుంటే ఇదే గుర్తుంచుకోండి. చిన్న ఆఫీసులో అన్నీ మూసి కొన్ని తెరవడం అనేది, ఆ సిస్టమ్ రోజూ ఏమేం తెరుస్తుందో కనీసం ఒక నెల చూశాక చెయ్యాల్సిన పని. నేను చూడకుండా చేశాను. మర్నాటి నుంచి పూర్తి నెల ఏ డ్రాపూ లేకుండా, ఏ సిస్టమ్ ఏ సైటు పేరు అడిగిందో లాగ్‌లో, అంటే చిట్టాలో, రాయమని మాత్రం పెట్టి, రాత్రిపూట దాన్ని చదివాను. అందులో బయటపడ్డ పేర్లు చూస్తే నాకు మతిపోయింది. సగం సైట్లకు కావాల్సిన ఫైళ్ళు పెద్ద సీడీఎన్‌ల మీద, అంటే ఎన్నో సైట్ల ఫైళ్ళు కలిపి ఉంచే సర్వర్ల మీద, ఉంటాయి, ఆ సీడీఎన్ ఐపీ తెరిస్తే దాని మీద ఉన్న మిగతావన్నీ కూడా తెరుచుకుంటాయి. అందుకని చివరికి ఆ ఆరు సిస్టమ్స్‌లో రెండింటికి మాత్రమే, అంటే కేవలం టాలీ ఎంట్రీలు కొట్టే రెండింటికి మాత్రమే, అన్నీ మూసే పద్ధతి ఉంచాను. మిగతా నాలుగింటికి అన్నీ తెరిచి కొన్ని మూసే పద్ధతి పెట్టాను. టాలీ డేటా మా సర్వర్ సిస్టమ్‌లోనే ఉంటుంది, ఒకే స్విచ్ మీదున్న, అంటే కేబుళ్ళు కలిపే ఒకే పెట్టెకు తగిలించిన సిస్టమ్స్ మాట్లాడుకోవడానికి రూటర్ దాకా రానక్కర్లేదు, కాబట్టి రూటర్‌లో నేను ఏం గెలికినా ఎంట్రీలు ఆగవు. అది నాకు పెద్ద ధైర్యం.

వాట్సాప్ వెబ్ మూయాలని బాబాయి పట్టుబట్టాడు. ఒక్క పూట మూశాం. క్లయింట్లు బిల్లుల ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్ కాపీలు అన్నీ పంపేది అందులోనే. మధ్యాహ్నానికి బాబాయే వచ్చి తెరవమన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా అందరికీ అన్నీ తెరిచాను, ఫైర్‌వాల్ రూల్‌కు టైము పెట్టే వీలుంది. ఇది పెట్టాక ఆఫీసులో గొణుగుడు సగం తగ్గింది. కానీ రెండయ్యాక కూడా కిటికీ పక్క సిస్టమ్‌లో వీడియో సాఫీగా ఆడుతూనే ఉంది. రూల్స్ పైనుంచి కిందికి వరసగా చూస్తుంది ఈ పెట్టె, మొదట ఏది సరిపోతే అదే లెక్క. డీఫాల్ట్‌గా పైనే ఒక రూల్ ఉంటుంది, ఇప్పటికే మొదలైన కనెక్షన్లను అడక్కుండా పంపేయమని. ఒంటిగంటా యాభై తొమ్మిదికి మొదలెట్టిన సినిమా అయిపోయేదాకా ఆగదు అన్నమాట. ఇప్పుడు రెండింటికి ఆ సిస్టమ్స్ కనెక్షన్లను తుడిచేసే చిన్న స్క్రిప్టు షెడ్యూలర్‌లో పెట్టాను. సరిగ్గా రెండుకు ఆరు సీట్ల నుంచి ఒకేసారి "అబ్బా" అని వినపడుతుంది.

ఇక నెట్ స్లో సంగతి. ఇంత చేసినా కొన్ని రోజులు సాయంత్రం నాలుగు దాటాక అంతా నత్తనడకే. అందరి చూపూ ఆ కుర్రాడి మీదే, హోస్ట్స్ ఫైలు చరిత్ర ఉంది కదా మరి. విన్‌బాక్స్‌లో టార్చ్ అని ఒకటి ఉంది, పేరుకు తగ్గట్టే చీకట్లో బ్యాటరీ లైటు వేసినట్టు ఏ ఐపీ ఎంత లాగుతోందో, ఎంత పంపుతోందో ఆ క్షణానికి చూపిస్తుంది. నేను టార్చ్ తెరిచి కూర్చున్నాను, కుర్రాడు నా వెనకే నిలబడ్డాడు. వాడి సిస్టమ్ ఎదురుగా దాదాపు సున్నా. పైన ఉబ్బిపోయి ఉన్నది, అప్‌లోడ్ మొత్తాన్ని మింగేస్తున్నది, కామెంటు చూస్తే బాబాయి.

లోపలికి వెళ్ళి చూస్తే ఆయన సిస్టమ్ మూలలో మబ్బు బొమ్మ తిరుగుతోంది. మా చెల్లెలి ఓణీల ఫంక్షన్ వీడియోలు, ఫొటోలు, ఫొటోగ్రాఫర్ ఇచ్చిన హార్డ్‌డిస్క్ మొత్తం డెస్క్‌టాప్ మీదకు కాపీ చేశాడు. ఆ ఫోల్డరు క్లౌడ్‌తో సింక్ అవుతుందని ఆయనకు తెలీదు. వారం రోజులుగా అది ఎక్కుతూనే ఉంది. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా పడకేస్తుంది, ఎందుకంటే పేజీ కావాలని అడిగే మాట కూడా ఆ దారినే బయటికి పోవాలి.

"బాబాయ్, యూట్యూబ్ చూస్తుంది ఎవరో తెలిసింది" అన్నాను. ఆయన నవ్వలేదు. కుర్రాడు మాత్రం బయటికెళ్ళి అందరికీ సమోసాలు తెచ్చాడు, సొంత డబ్బుతో.

స్పీడుకు హద్దు పెట్టే సింపుల్ క్యూ అనే చోట ఒక్కో సిస్టమ్ అప్‌లోడ్‌కు 10 ఎంబీపీఎస్ హద్దు పెడదామని చూశాను, పెట్టినా పట్టించుకోలేదు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక దొరికింది, ఫాస్ట్‌ట్రాక్ అనే డీఫాల్ట్ రూల్ ఉంటే ఆ కనెక్షన్లు సింపుల్ క్యూల దాకా రాకుండా పక్కదారిలో వెళ్ళిపోతాయి. దాన్ని ఆపేశాను, వెంటనే హద్దు పనిచేసింది. ఫాస్ట్‌ట్రాక్ లేకపోతే పెట్టె మీద భారం పెరుగుతుంది అంటారు, మా 100 లైనుకు అది చెమట కూడా పట్టలేదు. మీది 500, వెయ్యి అయితే ఆలోచించుకోవాలి.

ఆ కుర్రాడిని మరీ అమాయకుణ్ణి చెయ్యను. ఆర్నెల్ల తర్వాత బాబాయి కుటుంబంతో తిరుపతి వెళ్ళాడు, నాలుగు రోజులు. వీడు తన సిస్టమ్‌లో ఐపీని చేత్తో మార్చి, బాబాయి ఐపీ వేసుకున్నాడు, అంటే పూర్తి లిస్టులోకి ఎక్కి కూర్చున్నాడు. నాలుగు రోజులు రాజభోగం. ఐదో రోజు పొద్దున బాబాయి గుండుతో, లడ్డూ డబ్బాతో వచ్చి సిస్టమ్ ఆన్ చేస్తే ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని చూపించింది. ఆయన నన్ను పిలిచేలోపే వాడు వచ్చి చెప్పేశాడు, "అన్నా, నేనే". మెచ్చుకోవాలో తిట్టాలో తెలీలేదు. ఆ రోజే రెండు పనులు చేశాను. ఒకటి, లోపలి నెట్‌వర్క్ (బ్రిడ్జ్) ఏఆర్‌పీని, అంటే ఏ ఐపీ ఏ సిస్టమ్‌దో చూసుకునే పద్ధతిని, రిప్లై-ఓన్లీ చేసి, డీహెచ్‌సీపీ ఇచ్చిన లీజులకే ఏఆర్‌పీ ఎంట్రీ పడేలా పెట్టాను, ఇక ఎవరు చేత్తో ఐపీ మార్చుకున్నా రూటర్ వాళ్ళకు బదులివ్వదు. రెండోది, అసలు మొదటి రోజే చెయ్యాల్సింది, అందరి విండోస్ లాగిన్లలో అడ్మినిస్ట్రేటర్ హక్కు తీసేశాను. రూటర్ కొనే ముందు ఈ రెండోది చేసుకోండి, పైసా ఖర్చు లేదు, సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

ఇప్పుడు సైట్లు మూసే పద్ధతి గురించి, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్, అంటే ఎన్‌క్రిప్షన్ ఉన్నవి, రూటర్‌కు లోపలి పేజీ కనపడదు, కనెక్షన్ మొదట్లో చెప్పే సైటు పేరు మాత్రమే కనపడుతుంది. దాన్ని చూసి ఆపడానికి టీఎల్ఎస్-హోస్ట్ అనే షరతు ఉంది. మొదట్లో బాగా పనిచేసింది. కానీ క్రోమ్ బ్రౌజర్ "క్విక్" అనే పద్ధతిలో, అంటే యూడీపీ 443 అనే వేరే దారి మీద వెళ్తే ఈ షరతుకు పేరు కనపడదు, కాబట్టి యూడీపీ 443 మూసేయాలి, అప్పుడు బ్రౌజర్ తనే పాత దారికి వస్తుంది. 2024లో క్రోమ్ 124 నుంచి ఇంకో తలనొప్పి. కొత్త రకం ఎన్‌క్రిప్షన్ తాళం చేర్చడంతో ఆ మొదటి పలకరింపు పొడవు పెరిగి రెండు ప్యాకెట్లుగా తెగిపోతుంది, పేరు ముక్కలైతే ఈ షరతు పట్టుకోలేదు. ఒక సోమవారం అన్ని సైట్లూ తెరుచుకుంటుంటే నేనేదో తప్పు చేశాననుకుని రూల్స్ అన్నీ మళ్ళీ మళ్ళీ చదివాను.

అప్పటి నుంచి ప్రధానంగా డీఎన్ఎస్ మీదే ఆధారపడ్డాను. డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్ళే పోర్టు 53 మీద ఎవరు ఏ డీఎన్ఎస్‌ను అడిగినా రూటర్‌కే మళ్ళించడం, రూటర్ మాత్రం క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.3ను అడగడం, అది వైరస్ సైట్లను, పెద్దల సైట్లను ఆపుతుంది, వద్దనుకున్న మిగతావి రూటర్‌లోనే స్టాటిక్ ఎంట్రీలుగా రాసుకోవడం. రూటర్ఓఎస్ 7లో ఒక పేరు రాస్తే దాని ఉపపేర్లన్నిటికీ వర్తించేలా టిక్ ఉంది, హోస్ట్స్ ఫైలు బాధ గుర్తున్నవాళ్ళకు ఇది వరం. బ్రౌజర్లు డీఎన్ఎస్‌ను కూడా హెచ్‌టీటీపీఎస్ లోపల దాచి అడగగలవు కాబట్టి ఆ సెట్టింగును క్రోమ్‌లో పాలసీతో ఆపేశాను. ఇంత చేసినా పట్టుదల ఉన్నవాడిని ఆపలేం. విసుగు పుట్టించగలం, అది చాలు.

ఫోన్ల మాట. వైఫై పెట్టెను వేరే పోర్టులో, వేరే ఐపీ వరసలో పెట్టాను, అక్కడి నుంచి ఆఫీసు సిస్టమ్స్ కనపడవు, స్పీడుకు హద్దు ఉంది. ఫోన్లను మ్యాక్ అడ్రస్‌తో పట్టుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి, ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లయితే ఐఓఎస్ 14 నుంచి వైఫైకి దొంగ మ్యాక్ చూపిస్తాయి. ఆ మాటకొస్తే ఎవరి జేబులో వాళ్ళ డేటా ఉంది, ఐపీఎల్ మ్యాచ్ రోజు సొరుగు కొంచెం తెరిచి అందులో ఫోను పెట్టుకుని చూసేవాళ్ళను ఏ లాత్వియా పెట్టె ఆపుతుంది? యూఎస్‌బీ కేబులుతో ఫోను నెట్‌ను సిస్టమ్‌కు ఇచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, అప్పుడు అసలు రూటర్‌కు ఆ సంగతే తెలీదు. దానికి నేను చేసిందేమీ లేదు. ఆ ఒంటిగంట, రెండు మధ్య తెరవడమే దానికి మందైంది.

లాగ్ గురించి ఒక మాట. నెల రోజులు చదివానని చెప్పాను కదా, అందులో ఒకరి సిస్టమ్ నుంచి ఉద్యోగాల సైట్లు వరసగా కనపడ్డాయి. పేజీలు కాదు, పేర్లే, అయినా అర్థమైపోతుంది కదా. బాబాయికి చెప్పలేదు. ఆ నెలాఖరుకు లాగ్ ఆపేశాను, ఏదైనా సైటు తెరుచుకోక ఇబ్బంది అయినప్పుడు మాత్రం పది నిమిషాలు ఆన్ చేస్తాను, అదీ ఆ సీటు వాళ్ళకు చెప్పి.

కరెంటు విషయంలో ఈ పెట్టె బంగారం. 8 నుంచి 30 వోల్టుల దాకా ఏదిచ్చినా తీసుకుంటుంది, దానితో వచ్చేది 24 వోల్టుల అడాప్టరు, నేను 12 వోల్టుల మినీ యూపీఎస్ మీద నడుపుతున్నాను, పది వాట్లు కూడా తినదు. ఒక్కటి తెలుసుకోండి, ఇలాంటి చిన్న పెట్టెల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు. నేను ఎన్‌టీపీ, అంటే నెట్ నుంచి సరైన టైము తెచ్చుకునే సెట్టింగు, పెట్టడం మర్చిపోయిన రోజుల్లో, మే నెలలో గాలివాన వచ్చి కరెంటు పోయి, మినీ యూపీఎస్ కూడా చేతులెత్తేశాక మళ్ళీ వెలిగితే తేదీ ఎక్కడికో వెళ్ళిపోయింది. పొద్దున పదకొండుకే రూటర్ లెక్కలో భోజనం టైము వచ్చేసి అందరికీ అన్నీ తెరుచుకున్నాయి, ఎవరూ నాకు చెప్పలేదు, ఎందుకు చెబుతారు? సాయంత్రానికి నేనే చూసుకున్నాను.

అప్‌డేట్లు మాత్రం వాయిదా వెయ్యకండి. 2018లో విన్‌బాక్స్‌లో ఒక పెద్ద కన్నం బయటపడింది. దాన్ని పూడ్చే అప్‌డేట్ అప్పుడే వచ్చినా, వేసుకోని రూటర్లు ఆ తర్వాత లెక్కలేనన్ని దొంగల చేతికి చిక్కాయి. బయటి వైపు నుంచి విన్‌బాక్స్ తెరవకుండా చూసుకోండి, అడ్మిన్ అనే లాగిన్ పేరు మార్చండి. నేను వెర్షన్ 6తో మొదలుపెట్టి 7కు మారాను, మారే ముందు బ్యాకప్ ఫైలుతో పాటు ఎక్స్‌పోర్ట్ కూడా తీసుకున్నాను, అది మామూలు అక్షరాల్లో ఉంటుంది, చదువుకోవచ్చు, వేరే పెట్టెలోకి ఎక్కించుకోవచ్చు. ఈ మోడల్‌లో స్టోరేజీ 16 ఎంబీనే, ఇప్పుడు కొంటే 2024 చివర్లో వచ్చిన కొత్త హెక్స్ చూడండి, అందులో ర్యామ్ 512 ఎంబీ.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఐదు నుంచి ఇరవై సిస్టమ్స్, ఏటా లైసెన్సు కట్టే స్తోమత లేదు, కానీ నాలుగు రాత్రులు కూర్చునే మనిషి ఒకడు ఉన్నాడు, అలాంటి చోట. రెండు మూడు సిస్టమ్స్ ఉన్న చోట అడ్మిన్ హక్కులు తీసేసి, మామూలు రూటర్‌లో డీఎన్ఎస్ 1.1.1.3 పెట్టుకుంటే సరిపోతుంది, ఇంత గొడవ వద్దు. అలాగే ఆ కూర్చునే మనిషి ఉద్యోగం మానేస్తే తర్వాత ఎవరు చూస్తారన్నది కూడా ముందే అనుకోండి. మా ఆఫీసులో ఇప్పుడు విన్‌బాక్స్ పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే, ఒకడిని నేను, రెండోవాడు ఎవరో మీరు ఊహించే ఉంటారు. రూల్స్ నాకన్నా వాడే శుభ్రంగా రాస్తాడు, ప్రతి రూలుకూ కామెంటు పెడతాడు.

నా రూల్స్‌లో మాత్రం 23వ నంబరు ఒకటుంది, ఏదో ఐపీ వరసను తెరిచేది, కామెంటు లేదు. ఎప్పుడు, ఎందుకు రాశానో గుర్తు లేదు. పక్కన లెక్క చూస్తే రోజుకు కొన్ని ప్యాకెట్లు దాని మీదుగా వెళ్తూనే ఉన్నాయి. తీసేద్దాం అన్నా, అంటాడు వాడు. 20వ తేదీ దాటనీ అంటాను నేను, ప్రతి నెలా.